కండరం కనిపించలేదన్న నివేదిక, మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష: ఏది ముందు?

ప్రశ్న: మా నాన్నగారి వయసు 63. మూత్రంలో రక్తం పడుతోందని పరీక్షలు చేయిస్తే మూత్రాశయంలో కణితి ఉందని తేలింది. మూత్రమార్గం గుండా పరికరం పంపి దాన్ని గీసి తీశారు. బయాప్సీ నివేదికలో 'హై గ్రేడ్, టీ1, నమూనాలో డెట్రూజర్ కండరం కనిపించలేదు' అని రాశారు. ఆరు వారాల లోపు అదే ఆపరేషన్ మరోసారి చేయాలని యూరాలజిస్టు అంటున్నారు. నాన్నగారు భయపడుతున్నారు. మూత్రాశయ క్యాన్సర్ వ్యాపించడానికి మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కారణమని ఈమధ్య చదివాను. మూత్రంలో వాటిని కొలిచే పరీక్ష చేయిస్తే రెండో ఆపరేషన్ తప్పుతుందా? వాటిని సరిచేసే మందు ఏదైనా ఉందా? పిల్లలమైన మాకు కూడా ఇది వచ్చే ప్రమాదం ఉందా? నాన్నగారికీ, తమ్ముడికీ సిగరెట్ అలవాటు ఉంది. (పేరు రాయవద్దన్న ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, మీరు అడిగిన ప్రశ్నల కంటే, నివేదికలోంచి ఎత్తి రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. 'కండరం కనిపించలేదు' అన్న మాటను చాలామంది 'కండరానికి క్యాన్సర్ పాకలేదు' అని చదువుకొని కుదుటపడతారు. నిజానికి, తీసిన ముక్కల్లో కండరపు పోగులే లేవు గనుక అక్కడ క్యాన్సర్ ఉందో లేదో పాథాలజిస్టు చెప్పలేకపోయారని దాని అర్థం. మూత్రాశయ క్యాన్సర్‌లో చికిత్స దారి రెండుగా చీలేది సరిగ్గా ఇక్కడే. అందువల్ల జవాబు ముందే చెప్పి, ఆ తరువాత వివరణలోకి వెళ్తాను: మైక్రో ఆర్‌ఎన్‌ఏ పరీక్ష కోసమని రెండో ఆపరేషన్‌ను వాయిదా వేయకండి. మీ డాక్టరుగారు చెప్పినది సరైన సలహా.

మూత్రాశయం గోడలో అన్నిటికంటే లోపల, మూత్రానికి తగులుతూ ఉండేది కొన్ని వరుసల కణాలతో ఏర్పడిన పైపొర. దాదాపు అన్ని మూత్రాశయ క్యాన్సర్లూ పుట్టేది అక్కడే. దాని కింద సన్నని రక్తనాళాలు, లింఫ్ నాళాలు పరుచుకున్న పలుచని బంధక కణజాలం ఉంటుంది. ఆ కిందిది మూత్రాన్ని బయటికి నెట్టే డెట్రూజర్ కండరం. కణితి పైపొరలోనే ఉంటే టీఏ అనీ, బంధక కణజాలంలోకి దిగితే టీ1 అనీ, కండరంలోకి చొరబడితే టీ2 అనీ అంటారు. హై గ్రేడ్ అంటే కణాలు మామూలు రూపం బాగా కోల్పోయి దూకుడుగా పెరిగే రకం, లో గ్రేడ్ అంటే అంత దూకుడు లేనిది. మొదటిసారి రోగం బయటపడినప్పుడు నలుగురిలో ముగ్గురికి అది ఇంకా కండరాన్ని తాకి ఉండదు. తాకని వారికి మూత్రాశయాన్ని ఉంచి, దాని లోపలికే మందు ఎక్కించి చికిత్స చేయవచ్చు. తాకిన వారికి సిస్‌ప్లాటిన్ అనే మందు కలిసిన కీమోథెరపీ ఇచ్చి మూత్రాశయాన్ని పూర్తిగా తొలగించడమో, కొందరిలో రేడియేషన్, కీమోథెరపీ కలిపి ఇచ్చి దాన్ని కాపాడే ప్రయత్నం చేయడమో అవసరమవుతుంది. టీ1 కణితిని ఒకసారి తీసి, కొన్ని వారాల తరువాత మళ్లీ చూసినప్పుడు మూడో వంతు నుంచి సగం మందిలో ఇంకా మిగిలిన కణితి కనబడుతుంది. మొదటి నమూనాలో కండరం లేని కొందరిలో, అప్పటికే అది కండరంలోకి దిగి ఉందని రెండో నమూనాలో తేలుతుంది.

ఇక మీరు చదివిన విషయానికి వస్తాను. మైక్రో ఆర్‌ఎన్‌ఏలు వ్యాప్తికి కారణమన్న మాటను సూక్ష్మజీవి జబ్బుకు కారణమన్న అర్థంలో తీసుకోకూడదు. అవి బయటి నుంచి వచ్చినవి కావు, మన ప్రతి కణంలోనూ పుట్టి, జన్యువుల పనిని అదుపు చేసేవే. క్యాన్సర్ కణంలో ఆ అదుపు చెడిపోతుంది. చెడిపోయిన అదుపు వల్ల కణం తన చోటు వదిలి కదలగలుగుతుంది.

వీటి సంగతి మొదట బయటపడింది ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో. 1993లో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్‌ల బృందాలు ఆ పురుగు ఎదుగుదలను గమనిస్తూ, లిన్-4 అనే జన్యువు ఏ ప్రోటీన్‌నూ తయారుచేయకుండానే, తన నుంచి వెలువడే చిన్న ఆర్‌ఎన్‌ఏ తునకతో మరో జన్యువును అణచివేస్తోందని చూపించాయి. అది పురుగుకే పరిమితమైన వింతగా కొన్నేళ్లు ఉండిపోయింది. 2000లో లెట్-7 అనే రెండోది దొరికి, అది మనిషితో సహా ఎన్నో జీవుల్లో ఉందని తెలిశాక చూపు మారింది. ఆ ఇద్దరికీ 2024లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి వచ్చింది.

పని జరిగే తీరు ఇలా ఉంటుంది. జన్యువులోని సమాచారం మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ రూపంలో కణకేంద్రకం నుంచి బయటికి వచ్చి, దాని ప్రకారం ప్రోటీన్ తయారవుతుందని మీరు బడిలో చదివే ఉంటారు. మైక్రో ఆర్‌ఎన్‌ఏ మొదట పొడుగాటి పోగుగా పుట్టి, జడపిన్ను ఆకారంలో తన మీద తానే మడుచుకుంటుంది. కేంద్రకంలో డ్రోషా అనే ఎంజైమూ, బయటికి వచ్చాక డైసర్ అనే మరో ఎంజైమూ దాన్ని కత్తిరించగా చివరికి సుమారు 22 అక్షరాల తునక మిగులుతుంది. ఆర్గొనాట్ అనే ప్రోటీన్ దాన్ని పట్టుకొని, సరిపోయే మెసెంజర్ కోసం వెతుకుతుంది. ఆ 22 అక్షరాల్లో ముఖ్యంగా చూసుకొనేది రెండో అక్షరం నుంచి ఎనిమిదో అక్షరం వరకు. అవి మెసెంజర్ తోకలో ఎక్కడైనా జతపడితే ఆ మెసెంజర్ నుంచి ప్రోటీన్ తయారీ తగ్గుతుంది, లేదా మెసెంజరే నశిస్తుంది. జతపడాల్సినవి ఏడే అక్షరాలు కాబట్టి ఒక్క మైక్రో ఆర్‌ఎన్‌ఏకు వందల జన్యువులు లోబడి ఉంటాయి. ఒక్కొక్క జన్యువు మీద దాని ప్రభావం మాత్రం చాలాసార్లు కొద్దిపాటిదే. ఈ రెండు సంగతులనూ గుర్తుంచుకోండి, పరీక్ష గురించీ మందు గురించీ చెప్పేటప్పుడు మళ్లీ అవసరమవుతాయి.

మూత్రాశయం పైపొరలోని కణాలు పక్కపక్కనే అంటిపెట్టుకొని ఉంటాయి. వాటిని అలా పట్టి ఉంచే ప్రోటీన్లలో ముఖ్యమైనది ఇ-క్యాడ్‌హెరిన్. పొరుగు కణంతో పట్టు సడలనిదే ఏ కణమూ కిందికి దిగలేదు. క్యాన్సర్ కణం కొన్నిసార్లు ఈ పట్టును తెంచుకొని, పైపొర కణాల లక్షణాలను వదిలి, బంధక కణజాలపు కణంలా సాగిన ఆకారం తెచ్చుకొని, విడిగా పాకడం మొదలుపెడుతుంది. ఇందుకు దారితీసేవి జెబ్1, జెబ్2 అనే రెండు ప్రోటీన్లు. అవి ఇ-క్యాడ్‌హెరిన్ జన్యువును మూసేస్తాయి. ఆరోగ్యకరమైన కణంలో ఆ రెండింటినీ తలెత్తకుండా చూసేది మిర్-200 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏల కుటుంబం (మైక్రో ఆర్‌ఎన్‌ఏల పేర్లను 'మిర్' అని మొదలుపెడతారు). ఈ కుటుంబంలో అయిదుగురు సభ్యులున్నారు. మిర్-205 అనే మరొకటి కూడా ఇదే పనికి తోడు నిలుస్తుంది.

మిర్-200 జెబ్‌ను అణచివేస్తుంది సరే, జెబ్ కూడా మిర్-200 జన్యువుల మీద కూర్చొని వాటిని అణచివేస్తుంది. త్రాసులో ఒక పళ్లెం లేస్తే రెండోది దిగక తప్పనట్టుగా, వీటిలో ఏది కొంచెం పైచేయి సాధించినా రెండోది మరింత దిగజారుతుంది. అందుకే కణం నడిమధ్యలో నిలకడగా ఉండడం కష్టం, అటో ఇటో ఒరుగుతుంది. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, ప్రయోగశాలలో పెంచిన మూత్రాశయ క్యాన్సర్ కణాల్లో సాగిన ఆకారం గలవాటిలో మిర్-200 అడుగంటిపోయి ఉందని తేలింది. బయటి నుంచి దాన్ని అందించినప్పుడు జెబ్ తగ్గి, ఇ-క్యాడ్‌హెరిన్ తిరిగి వచ్చి, కణాల కదలిక మందగించింది. లోతుగా చొరబడిన మూత్రాశయ కణితుల్లో మిర్-200, మిర్-205 జన్యువుల మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పడి అవి మూతపడి ఉండడాన్ని కూడా తరువాత గమనించారు. జన్యువులో అక్షరం మారకుండానే తాళం పడుతోందన్నమాట.

ఇంతటితో ఆగితే కథ ముచ్చటగా ఉంటుంది, మిర్-200 తగ్గితే వ్యాప్తి, పెరిగితే రక్షణ అని. అది అంత సూటిగా లేదు. కణం పాకడానికి పట్టు సడలాలి, నిజమే. అయితే రక్తంలోనో లింఫ్‌లోనో కొట్టుకుపోయి ఊపిరితిత్తులకో, కాలేయానికో, ఎముకలకో చేరిన కణం అక్కడ గుంపుగా పెరగాలంటే పొరుగు కణంతో మళ్లీ అంటుకోవాలి. రొమ్ము క్యాన్సర్ మీద జరిగిన ప్రయోగాల్లో, అలా కొత్త చోట పాదుకొనే దశలో మిర్-200 ఎక్కువగా ఉన్న కణాలే నెగ్గుకొచ్చాయి. ఒకే మైక్రో ఆర్‌ఎన్‌ఏ ప్రయాణం మొదట్లో అడ్డుపడి, చివర్లో సాయపడగలదు. అలాంటప్పుడు మూత్రంలో దాని అంకె తక్కువ వచ్చిందనో, ఎక్కువ వచ్చిందనో ఒక మనిషికి భయమో భరోసానో ఇవ్వడం ఎంత కష్టమో ఆలోచించండి.

ఇంకొన్ని పేర్లు కూడా మీ కంట పడి ఉంటాయి. మిర్-21 ఎన్నో రకాల క్యాన్సర్లలో పెరుగుతుంది, మూత్రాశయ క్యాన్సర్‌లోనూ అంతే. అది అణచివేసేవాటిలో రెక్ అనే ప్రోటీన్ ఒకటి. కణాల మధ్య ఉన్న కణజాలపు అల్లికను కరిగించే ఎంజైములకు రెక్ కళ్లెం వేస్తుంది గనుక, అది తగ్గితే కణితికి కిందికి దిగే దారి సులువవుతుంది. మిర్-99ఏ, మిర్-100 తగ్గడం ఎక్కువగా లో గ్రేడ్ కణితుల్లో కనిపిస్తుంది, దానితో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే ప్రోటీన్ పెరుగుతుంది. అలాంటి కణితులు పదేపదే తిరిగి వచ్చినా లోతుకు దిగడం తక్కువ. మీ నాన్నగారిది హై గ్రేడ్ కాబట్టి దాని గురించి ఎక్కువ రాయను.

మిర్-143, మిర్-145ల గురించి మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ మళ్లీ కండరం ప్రస్తావన వస్తుంది. మూత్రాశయ క్యాన్సర్‌లో ఈ రెండూ బాగా తగ్గుతాయని ఎన్నో పరిశోధనా పత్రాలు చెబుతాయి. వీటిని క్యాన్సర్‌ను అడ్డుకొనేవిగా లెక్కించడం పరిపాటి అయింది. ప్రయోగశాలలో క్యాన్సర్ కణాల్లోకి మిర్-145ను పంపితే ఫాసిన్-1 అనే ప్రోటీన్ తగ్గి, కణం ముందుకు చాచే వేళ్లలాంటి భాగాలు తగ్గి, చొరబాటు మందగించిన మాట వాస్తవమే. అయితే శరీరంలో ఈ రెండూ సహజంగా అధికంగా ఉండేది నునుపు కండర కణాల్లో. మూత్రాశయం గోడ నుంచి తీసిన మామూలు ముక్కలో కండరం చాలా ఉంటుంది, కణితి ముక్కలో దాదాపు ఉండదు. రెండింటినీ నూరి, ఆర్‌ఎన్‌ఏ తీసి పోల్చినప్పుడు కణితిలో మిర్-145 తక్కువగా కనిపించడానికి క్యాన్సరే కారణమా, ముక్కలో కండరం లేకపోవడం కారణమా? ఈ ప్రశ్న వేసుకోని పరిశోధనలు తక్కువేమీ కావు. మీ నాన్నగారి నివేదికలో పాథాలజిస్టు 'కండరం కనిపించలేదు' అని నిజాయితీగా రాసినట్టు, ప్రతి మైక్రో ఆర్‌ఎన్‌ఏ నివేదికలోనూ ఏ నమూనాలో ఏ కణాలు ఎంత ఉన్నాయో రాస్తే ఈ రంగంలో సగం గందరగోళం తగ్గుతుందని నాకు అనిపిస్తుంది.

ఇప్పుడు మూత్ర పరీక్ష సంగతి. దాని వెనుక ఉన్న ఆలోచన మంచిదే. మామూలు ఆర్‌ఎన్‌ఏ మూత్రంలో త్వరగా ముక్కలైపోతుంది, మైక్రో ఆర్‌ఎన్‌ఏలు మాత్రం ప్రోటీన్‌ను అంటిపెట్టుకొనో, కణాలు విడిచే ఎక్సోజోమ్‌లనే అతి చిన్న సంచుల్లో దాగో నిలబడగలవు. కణితిని కడిగిన నీరే మూత్రం కాబట్టి అందులో ఆనవాళ్లు దొరకడం సహజం. చిక్కు ఎక్కడంటే, మూత్రంలోకి మైక్రో ఆర్‌ఎన్‌ఏలను వదిలేవి కణితి కణాలు మాత్రమే కావు. ఎర్ర రక్తకణాల్లో మిర్-451, మిర్-16 దండిగా ఉంటాయి, తెల్లకణాల్లో మిర్-223 ఉంటుంది, వాపు ఉన్నచోట మిర్-21 పెరుగుతుంది. మీ నాన్నగారికి ఇప్పుడే లోపల గీసి తీశారు, ఆ పుండు ఇంకా మానుతూ ఉంటుంది, మూత్రంలో రక్తకణాలూ, వాపు తాలూకు కణాలూ కలుస్తూనే ఉంటాయి. ఈ వారాల్లో తీసిన మూత్రంలో వచ్చే అంకె కణితి గురించి చెబుతోందో, పుండు గురించి చెబుతోందో విడదీయడం ఎవరికీ సాధ్యం కాదు. పైగా ఒక్కో పరిశోధన ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏల జాబితాతో, ఒక్కో కొలత పద్ధతితో జరిగింది గనుక అందరూ ఒప్పుకున్న హద్దు అంకె అంటూ లేదు. కణితి తిరిగి వచ్చిందా అని చూడడానికి కూడా మూత్రంలో కొలిచే ఏ గుర్తూ సిస్టోస్కోపీకి (మూత్రమార్గం గుండా గొట్టం పంపి లోపల చూసే పరీక్షకు) బదులుగా నిలబడే స్థితికి రాలేదు.

పరీక్ష రేపు ఎంత మెరుగుపడినా మీ అసలు ప్రశ్నకు అది జవాబు కాలేదు. గోడలో ఫలానా చోట, కణితి వేరు కింద, కండరపు పోగుల మధ్య క్యాన్సర్ కణాలు ఉన్నాయా అన్నది మీకు కావలసిన సమాచారం. అది తెలియాలంటే ఆ చోటి నుంచి ముక్క తీసి సూక్ష్మదర్శిని కింద చూడాలి. రెండో ఆపరేషన్ చేసే రెండో పని, మిగిలి ఉన్న కణితిని తీసేయడం. మూత్రం సీసా ఆ పని కూడా చేయలేదు.

మందు గురించి అడిగారు. ఈ రోజుకు ఏ క్యాన్సర్‌కూ మైక్రో ఆర్‌ఎన్‌ఏ మందు ఆమోదం పొందలేదు. ప్రయత్నం జరగలేదని కాదు. మిర్-34 అనేది, దెబ్బతిన్న కణాన్ని ఆపే పీ53 ప్రోటీన్ ఆజ్ఞతో తయారయ్యే మైక్రో ఆర్‌ఎన్‌ఏ. దాని నకలును కొవ్వు బుడగల్లో పెట్టి, రక్తనాళం ద్వారా, వివిధ రకాల క్యాన్సర్లు ఉన్న రోగులకు ఇచ్చి చూశారు. తీవ్రమైన రోగనిరోధక ప్రతిచర్యలు తలెత్తి, నలుగురు రోగులు మరణించడంతో 2016లో ఆ ప్రయోగాన్ని ఆపేశారు. ఒక్క తునకకు వందల జన్యువులు లోబడి ఉంటాయని పైన రాశాను కదా, దాన్ని శరీరమంతా పంపితే ఏ కణంలో ఏం జరుగుతుందో ముందుగా చెప్పడం కష్టం. ఆ బుడగలకు రోగనిరోధక కణాలు ఎలా స్పందిస్తాయన్నది మరో సమస్య. మూత్రాశయానికి ఒక వెసులుబాటు ఉంది, మందును గొట్టం ద్వారా నేరుగా లోపలికే ఎక్కించవచ్చు. 2022 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతించిన ఒక జన్యుచికిత్స ఇలాగే వైరస్ ద్వారా ఇంటర్‌ఫెరాన్ జన్యువును మూత్రాశయం పైపొరకు చేరవేస్తుంది. అది మైక్రో ఆర్‌ఎన్‌ఏ మందు కాదు, కింద చెప్పబోయే బీసీజీ అనే మందుకు లొంగని కొందరి కోసం ఉద్దేశించినది. దారి మూసుకుపోలేదని చెప్పడానికే ప్రస్తావించాను. మైక్రో ఆర్‌ఎన్‌ఏలను సరిచేస్తాయని చెప్పి అమ్మే పొడులూ, గుళికలూ కంటబడితే వాటి జోలికి పోకండి. గాజు పళ్లెంలోని కణాల మీద కనిపించిన మార్పును మనిషికి అంటగట్టడమే వాటి వెనుక ఉన్న శాస్త్రం.

ఉన్న మందుల్లో గట్టిది పాతదే. రెండో నమూనాలో కండరం ఉండి, అందులో క్యాన్సర్ లేదని తేలితే, క్షయ టీకాగా మనకు తెలిసిన బీసీజీని మూత్రాశయంలోకి ఎక్కిస్తారు. 1976లో దీని తొలి ఫలితాలు వెలువడ్డాయి. మొదట వారానికొకసారి చొప్పున ఆరు వారాలు, ఆ తరువాత విడతలు విడతలుగా ఒకటి నుంచి మూడేళ్ల వరకు ఇస్తారు. ఆపరేషన్ పుండు మానాకే, మూత్రంలో కంటికి కనిపించే రక్తం లేనప్పుడే దీన్ని మొదలుపెట్టాలి.

మీ నాన్నగారితో మాట్లాడేటప్పుడు, మొదటి ఆపరేషన్ తప్పిపోయిందని కాకుండా, హై గ్రేడ్ టీ1 అని తేలిన వారికి రెండోసారి చూడడం సాధారణంగా అనుసరించే పద్ధతేనని చెప్పండి. ఈసారి కూడా మూత్రమార్గం గుండానే చేస్తారు, పొట్ట కోసే అవసరం ఉండదు. డాక్టరుగారిని మీరు అడగవలసినవి రెండున్నాయి. కణితి అడుగు భాగం నుంచి తీసిన ముక్కలను విడి సీసాలో పంపుతారా అన్నది మొదటిది. నివేదికలో కండరం ఉందా, ఉంటే అందులో క్యాన్సర్ ఉందా అన్న రెండు సంగతులూ వేర్వేరుగా రాయించగలరా అన్నది రెండోది. కటి భాగంలోని లింఫ్ గ్రంథులే వ్యాప్తికి మొదటి మజిలీ కాబట్టి, సీటీ స్కాన్ ఇదివరకే తీసి ఉంటే వాటి గురించి ఏమని రాశారో కూడా చూపించుకోండి.

చివరి ప్రశ్న మీ గురించీ, మీ తమ్ముడి గురించీ. పైన చెప్పిన మైక్రో ఆర్‌ఎన్‌ఏ మార్పులు కణితి కణాల్లో పుట్టినవి, మీ నాన్నగారి నుంచి మీకు సంక్రమించేవి కావు. మూత్రాశయ క్యాన్సర్లలో అత్యధికం వంశపారంపర్యంగా వచ్చేవి కావు. రక్తసంబంధీకులలో ప్రమాదం కొద్దిగా ఎక్కువ ఉన్నా, లక్షణాలేవీ లేకుండా మీరు పరీక్షలు చేయించుకోనవసరం లేదు. మీ తమ్ముడికి ఉన్న అసలు ప్రమాదం ఆయన జేబులోని సిగరెట్ పెట్టెలో ఉంది. ఈ క్యాన్సర్లలో దాదాపు సగానికి పొగాకే కారణం. పొగలోని ఆరోమాటిక్ అమైన్లు రక్తంలో కలిసి, మూత్రపిండాల్లో వడకట్టబడి, మూత్రంలో చిక్కగా చేరి, మళ్లీ మూత్రానికి వెళ్లేదాకా గంటల తరబడి మూత్రాశయం పైపొరను తాకుతూ ఉంటాయి. మానేసిన తరువాత ఆ ప్రమాదం ఏళ్ల మీద తగ్గుతుంది. మీ నాన్నగారు కూడా రెండో ఆపరేషన్‌కు ముందే మానేస్తే మత్తుమందు సమయంలో ఊపిరితిత్తులకూ మంచిది. కాల్చడం కొనసాగించే వారిలో కణితి తిరిగి వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి, బీసీజీ మొదలయ్యేదాకా ఆగమని ఆయనకు చెప్పకండి, ఈ వారమే మానమని చెప్పండి.